లోపలి మనిషి చెప్పినవీ, చెప్పకుండా వెళ్లినవీ: పీవీ స్వీయ రచనలపై ఒక పరిశీలన

పి.వి. నరసింహారావు తన రాజకీయ జీవితం గురించి స్వయంగా రాసుకున్న పుస్తకాలు ప్రధానంగా రెండు. మొదటిది 1998లో ఇంగ్లీషులో వెలువడిన ‘ది ఇన్‌సైడర్’. కల్లూరి భాస్కరం అనువాదంతో ‘లోపలి మనిషి’గా తెలుగులోకి వచ్చిన ఈ రచన పేరుకు నవల, పాఠకుల వాడుకలో మాత్రం ఆత్మకథ. రెండవది 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత మీద ఆయన రాసిపెట్టగా, మరణానంతరం 2006లో అచ్చయిన పుస్తకం. అది ఒక మాజీ ప్రధాని తన పాలనలో అత్యంత వివాదాస్పదమైన రోజుపై ఇచ్చుకున్న వాంగ్మూలం వంటిది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవారికి ఒక విచిత్రం తట్టకమానదు. పేర్లు మార్చి, ఇదంతా కల్పన అని చెప్పుకున్నచోట పీవీ నిస్సంకోచంగా మాట్లాడారు. సొంత పేరుతో, తేదీలతో, ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్లతో మాట్లాడినచోట తన మనసు ఎక్కడా పైకి కనబడకుండా జాగ్రత్తపడ్డారు. ఆయన వారసత్వం మీద ఇప్పటికీ తెగని తగవులో చాలా భాగం ఈ రెండు పుస్తకాల నడుమ మిగిలిపోయిన ఖాళీలోంచి పుట్టిందే.

నవల సంగతి ముందు చూడాలి. ఏడు వందలకు పైబడిన పుటల ఆ గ్రంథంలో నాయకుడు ఆనంద్. అతను పుట్టిన సంస్థానం, తరువాత ఏర్పడిన రాష్ట్రం అఫ్రోజాబాద్. ముఖ్యమంత్రి పదవి చుట్టూ మహేంద్రనాథ్, చౌధురి అనే ఇద్దరు నాయకుల మధ్య ఏళ్ల తరబడి సాగే పోరు కథకు వెన్నెముక. నెహ్రూ, ఇందిరాగాంధీ మాత్రం తమ అసలు పేర్లతోనే కనిపిస్తారు. అంటే ఢిల్లీ వాస్తవం, రాష్ట్రం కల్పన! ఈ ఏర్పాటులో ఉన్న చమత్కారం హైదరాబాదు రాజకీయాలు ఎరిగిన పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. అఫ్రోజాబాద్ అంటే ఏ ఊరో, నిజాం రాజ్యంలో పెరిగి, చదువుకుని, కాంగ్రెసులో చేరి, శాసనసభ్యుడై, మంత్రియై, చివరికి ముఖ్యమంత్రి అయిన ఆనంద్ ఎవరో చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో 1921 జూన్ 28న పుట్టి, కరీంనగర్ జిల్లా వంగరకు దత్తత వెళ్లి, వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు ఉస్మానియా నుంచి బయటికి వెళ్లి చదువుకోవలసి వచ్చి, 1957 నుంచి మంథని శాసనసభ్యుడిగా గెలుస్తూ వచ్చిన మనిషి జీవితరేఖే ఆనంద్‌దీ.

పుస్తకం వెలువడినప్పుడు పత్రికల దృష్టి ఆనంద్‌కూ, అరుణ అనే మహిళా నాయకురాలికీ మధ్య ఉన్న అనుబంధం మీదికి పోయింది. మాజీ ప్రధాని శృంగార సన్నివేశాలు రాశారన్న కబురు దానికి మించినదంతా కప్పేసింది. నిజానికి ఆ పుస్తకంలో విలువైనవి భూసంస్కరణల చుట్టూ అల్లిన ఘట్టాలు. వేదిక మీద ‘దున్నేవాడికే భూమి’ అని ప్రసంగించే నాయకుడే ఇంటికి వెళ్లి తన పొలాన్ని బంధువుల పేరిట, పాలేర్ల పేరిట ఎలా రాస్తాడో, చట్టం ముసాయిదాలో ఒక్క మినహాయింపు చేర్చడానికి శాసనసభ నడవాల్లో ఎంత మంతనం జరుగుతుందో, ముఖ్యమంత్రిని దించాలనుకున్నవాళ్లు ఢిల్లీకి మోసే చాడీలకు ఏ భాష వాడతారో లోపలివాడు మాత్రమే రాయగలిగినట్టు రాశారు. ఇందులో కల్పన పాలు ఎంతన్నది పెద్ద ప్రశ్నేమీ కాదు. ఆ రాజకీయ యంత్రం పళ్లచక్రాలు ఎలా తిరుగుతాయో చూపడంలో పీవీ ఏ చరిత్రకారుడికీ తీసిపోరు.

అయితే విమర్శకుడు ఆగి చూడవలసిన చోటు కూడా ఇదే. ఆనంద్ దాదాపు ఎప్పుడూ చూసేవాడుగానే ఉంటాడు, చేసేవాడుగా అరుదుగా కనిపిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా పన్నాగాలు పన్నుతుంటే అతను మాత్రం బాధతో, ఆశ్చర్యంతో, కొంత వ్యంగ్యంతో గమనిస్తుంటాడు. రెండు దశాబ్దాలు రాష్ట్ర రాజకీయాల్లో నిలదొక్కుకుని, ముఠాల మధ్య నుంచి ముఖ్యమంత్రి పీఠం దాకా నడిచిన మనిషి ఎత్తుకు పైఎత్తు ఒక్కటైనా వేయకుండా అక్కడికి చేరాడంటే నమ్మడం కష్టం. కల్పన రచయితకు స్వేచ్ఛ ఇచ్చినట్టే ఒక చాటునూ ఇచ్చింది. ఎవరైనా ఇది ఫలానా సంఘటన కదా అంటే, కాదు, నవల అనవచ్చు. ఆనంద్ మరీ మంచివాడుగా ఉన్నాడే అన్నా, అదే జవాబు చెల్లుతుంది.

వాస్తవ చరిత్రను దీని పక్కన పెడితే ఈ లోటు తెలిసివస్తుంది. 1969 తెలంగాణ ఉద్యమం తరువాతి సర్దుబాటులో భాగంగా 1971 సెప్టెంబరు చివర పీవీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుంచి వచ్చిన తొలి ముఖ్యమంత్రి ఆయనే. నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది ఆ ఏడాదే. భూ గరిష్ఠ పరిమితి చట్టం కోసం పట్టుబట్టారు. వంగరలోని సొంత భూముల్లో వందల ఎకరాలు తానే వదులుకున్నారు. ఈ చివరి వాస్తవాన్ని ఆయన అభిమానులు తరచూ ఉటంకిస్తారు, అది న్యాయమే. కానీ 1972 అక్టోబరులో, తెలంగాణ ఉద్యోగాలను స్థానికులకు కేటాయించే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఆ తీర్పుతో వివాదం ముగిసిందన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడటం కోస్తా, రాయలసీమల్లో అగ్గి రాజేసింది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది, మంత్రులు రాజీనామా చేశారు, 1973 జనవరిలో ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. భూపరిమితికి భయపడ్డ ఆసాములు ఆ ఉద్యమం వెనుక చేరారన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఉద్యోగాల విషయంలో కోస్తా యువకుల ఆందోళనను ముఖ్యమంత్రి ముందుగా ఎందుకు అంచనా వేయలేకపోయారన్న ప్రశ్న దానివల్ల కొట్టుకుపోదు. ఆయన హయాంలో రూపుదిద్దుకున్న ఆ చట్టం 1975 జనవరిలో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా అమల్లోకి వచ్చేనాటికి, భూములు చేతులు మారడానికి కావలసినంత వ్యవధి దొరికింది.

నవల ముఖ్యమంత్రి పదవి పోవడంతో ముగుస్తుంది. అంటే ఆ తరువాతి ముప్ఫై ఏళ్లూ, విదేశాంగ, హోం, రక్షణ, మానవ వనరుల శాఖలూ, ప్రధాని పదవీ, కోర్టు కేసులూ ఆ పుస్తకం అట్టలకు బయటే ఉండిపోయాయి. రెండవ భాగం వస్తుందని ఎదురుచూసినవాళ్లు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. అరవై దాటాక కంప్యూటరు నేర్చుకుని, ప్రోగ్రాములు రాయడం దాకా వెళ్లి, తన రాతప్రతిని తానే టైపు చేసుకున్న మనిషి ఆయన. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చిన ఓపిక ఆయనది. కాబట్టి తీరిక లేకనో, శక్తి చాలకనో రెండవ భాగం రాయలేదంటే పూర్తిగా ఒప్పుకోలేం.

మారుపేరు చాటున మాట్లాడటం ఆయనకు నవలతో మొదలైన అలవాటు కూడా కాదు. 1990 జనవరిలో ‘మెయిన్‌స్ట్రీమ్’ వారపత్రికలో ‘ఒక కాంగ్రెస్‌వాది’ అన్న సంతకంతో రాజీవ్‌గాంధీ పాలనను తూర్పారబట్టిన వ్యాసం వచ్చింది. అప్పటికి కొన్ని వారాల ముందు వరకు రాజీవ్ మంత్రివర్గంలో విదేశాంగ మంత్రిగా ఉన్న పీవీయే ఆ కాంగ్రెస్‌వాది అన్నది తరువాత బయటపడింది. సంతకం లేనిచోట అంత పదును, సంతకం ఉన్నచోట అంత మౌనం.

సంతకం చేసిన పుస్తకం అయోధ్య గురించినది. దాని వాదన సారాంశం ఇది. శాంతిభద్రతలు రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత. మసీదు కట్టడానికి హాని జరగనివ్వబోమని ఉత్తరప్రదేశ్‌లోని కల్యాణ్‌సింగ్ బీజేపీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. కోర్టు దాన్ని స్వీకరించి ఒక పరిశీలకుడిని కూడా నియమించింది. ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్న బి. సత్యనారాయణరెడ్డి, ఆయనా తెలంగాణ మనిషే, రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దు చేయడం తగదని డిసెంబరు మొదట్లోనే కేంద్రానికి రాశారు. గవర్నరు వద్దన్నప్పుడు, సర్వోన్నత న్యాయస్థానం విచారణలో ఉన్నప్పుడు, ఇంకా జరగని నేరానికి ఒక ఎన్నికైన ప్రభుత్వాన్ని ఎలా కూలదోయగలం? పత్రాలను అనుబంధంగా జతచేసి, తేదీల వారీగా పేర్చి, మంచి న్యాయవాది దాఖలు చేసిన కౌంటరులా సాగుతుంది ఈ పుస్తకం. కూల్చివేతపై విచారణ జరిపిన లిబర్హాన్ కమిషన్ పదిహేడేళ్లు, నలభై ఎనిమిది పొడిగింపుల తరువాత 2009లో ఇచ్చిన నివేదిక కూడా దాదాపు ఇదే తర్కంతో ఆయన్ని తప్పుపట్టకుండా వదిలేసింది.

ఈ వాదనలో బలం లేదనడం అన్యాయం. లోక్‌సభలో సొంత మెజారిటీ లేని ప్రభుత్వం అది. డిసెంబరు 6కు ముందే రాష్ట్రపతి పాలన పెట్టి ఉంటే, ఆ ప్రకటనకు రెండు నెలల్లోపు పార్లమెంటు ఆమోదం సంపాదించగలిగేదా అన్నది ఊహాజనితమైన ప్రశ్న కాదు. కానీ ఈ వాదనకు పునాది అయిన రాజ్యాంగ అధికరణనే తెరిచి చూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. 356వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి గవర్నరు నివేదిక అందిన మీదట ‘లేదా ఇతరత్రా’ సంతృప్తి చెందితే చర్య తీసుకోవచ్చు. ఈ ‘ఇతరత్రా’ అన్న ఒక్క మాట గవర్నరు లేఖను అవరోధంగా చూపే వాదనను బాగా పలచబరుస్తుంది. అంతకు మించి, అప్పటి హోం కార్యదర్శి మాధవ్ గోడ్బోలే కేంద్ర బలగాలతో కట్టడాన్ని స్వాధీనం చేసుకునే ప్రణాళిక ముందుగానే సిద్ధమైందనీ, రాజకీయ నాయకత్వం దాన్ని పక్కన పెట్టిందనీ తన జ్ఞాపకాల్లో రాశారు. అంటే చేయగలిగింది ఏమీ లేదన్నది ఒక కథనం, చేయగలిగింది బల్ల మీద ఉన్నా చేయలేదన్నది మరో కథనం. పీవీ పుస్తకం మొదటిదాన్ని వివరంగా చెబుతుంది. రెండవదాని ముందు నిలబడి, ఆ బల్ల అవతల కూర్చున్న మనిషి ఆ వారం రోజులూ ఏమనుకున్నాడో చెప్పదు.

ఆ మనిషి ఏమనుకుని ఉంటాడో ఊహించడానికి ఒక ఆధారం ఉంది. అదే ఏడాది జులైలో కరసేవ, అంటే మందిర నిర్మాణానికి భక్తుల శ్రమదానం, మొదలైనప్పుడు పీవీ సాధువులను పిలిపించి మాట్లాడి, గడువు అడిగి, దాన్ని ఆపించగలిగారు. నచ్చజెప్పి కాలం గడపడం ఒకసారి పనిచేసింది. నవంబరులోనూ అదే మార్గం పట్టారు. జులైలో ఫలించిన ఓర్పే డిసెంబరులో ఆయన్ని ముంచిందనడం సాహసం కాదు. ‘నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే’ అని ఆయన పేరిట చెలామణీ అయ్యే మాటను ముచ్చటగా చెప్పుకునేవారు ఆ మధ్యాహ్నాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. గుమ్మటాలు ఒకటి తరువాత ఒకటి కూలుతున్న ఆ కొన్ని గంటలూ వేల సంఖ్యలో కేంద్ర బలగాలు పక్కనే ఫైజాబాద్‌లో ఉన్నాయి. సాయంత్రానికి మూడూ నేలమట్టమయ్యాయి, ఆ తరువాతే ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన వచ్చింది. మరో తొమ్మిది రోజులకు మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలోని బీజేపీ ప్రభుత్వాలను కూడా కేంద్రం రద్దు చేసింది. ఆ రద్దులను 1994లో, 356వ అధికరణ వినియోగంపై వచ్చిన బొమ్మై కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. ఈ క్రమం ఆయన రాజ్యాంగ వాదనకు సాయమూ చేస్తుంది, దాన్ని దెప్పిపొడుస్తుంది కూడా. ప్రణబ్ ముఖర్జీ అంతటి సహచరుడే తన జ్ఞాపకాల్లో ఆ కూల్చివేతను ఆపలేకపోవడం పీవీ పెద్ద వైఫల్యాల్లో ఒకటని రాయడం గమనించదగ్గది.

ఆయన్ని నిందించడానికి అక్కరకు వచ్చే రోజు గురించి ఇంత రాసిన మనిషి, ఆయన్ని కీర్తించడానికి అక్కరకు వచ్చే రోజుల గురించి పుస్తకం రాయకపోవడం మరో విశేషం. 1991 జూన్ 21న ఆయన ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి దేశం దగ్గర ఉన్న విదేశీ మారక ద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేటంత. జులై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించారు. మొదటి తగ్గింపుకు వచ్చిన ప్రతిస్పందన చూసి ప్రధాని జంకారనీ, రెండవదాన్ని ఆపమని ఆర్థికమంత్రి మన్మోహన్‌సింగ్‌తో చెప్పారనీ, మన్మోహన్ రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్‌కు ఫోను చేసేసరికి పని అయిపోయిందనీ ఆ కాలపు అధికారులు చెప్పుకొచ్చారు. ఈ సంఘటనను పీవీ స్వయంగా రాసి ఉంటే ఎలా రాసేవారో! ఆనంద్ అయితే తన జంకును దాచేవాడు కాదేమో.

జులై 24 నాటి వ్యవహారం ఆయన పనితీరును ఇంకా దగ్గరగా చూపిస్తుంది. పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. లైసెన్సు రాజ్యాన్ని కూల్చిన కొత్త పారిశ్రామిక విధానాన్ని సభ ముందు పెట్టే ఘనత ఆయనకే దక్కవలసింది. కానీ ఆ ప్రకటనను సహాయమంత్రి పి.జె. కురియన్ చేత సభలో పెట్టించారు, అదీ ఆర్థికమంత్రి బడ్జెట్ ప్రసంగానికి కొద్ది గంటల ముందు. పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదు, ముప్ఫై నాలుగు రంగాల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి దారి తెరిచారు అన్న వార్త, మర్నాటి పత్రికల్లో బడ్జెట్ పతాక శీర్షికల కింద నలిగిపోయింది. పైగా నలభై ఏళ్ల విధానాన్ని తిరగరాసిన ఆ పత్రం నెహ్రూ స్మరణతో మొదలవుతుంది. 1992 ఏప్రిల్‌లో తిరుపతి కాంగ్రెస్ మహాసభలోనూ పీవీ మాట్లాడింది మధ్యేమార్గం గురించే. అడుగులు ఒకవైపు, ముఖం మరోవైపు. సంస్కరణలను పార్టీ అడ్డు దాటించడానికి అది అవసరమైన నేర్పు. ఆ నేర్పుకు చెల్లించిన మూల్యం కూడా ఉంది. సంస్కరణల పేరు చెప్పగానే జనం మనసులో చాలా కాలం మన్మోహన్‌సింగ్ ముఖమే మెదిలింది. శతజయంతి సంవత్సరంలో మన్మోహనే స్వయంగా ఆర్థిక సంస్కరణల పితామహుడు పీవీ అని చెప్పవలసి వచ్చింది.

1984 విషయం ఇంతకంటే బరువైనది. ఇందిర హత్య తరువాత ఢిల్లీ వీధుల్లో సిక్కులను ఊచకోత కోసిన రోజుల్లో హోం మంత్రి పీవీ. హత్య జరిగిన సాయంత్రం ఐ.కె. గుజ్రాల్ ఆయన దగ్గరికి వెళ్లి సైన్యాన్ని వెంటనే దింపమన్నారనీ, ఆ సలహా విని ఉంటే ఆ మారణకాండ తప్పేదనీ 2019 డిసెంబరులో మన్మోహన్‌సింగ్ బహిరంగంగా అన్నారు. పీవీ కుటుంబీకులు దాన్ని ఖండించారు. పోలీసు వ్యవహారాలన్నీ ప్రధాని కార్యాలయం తన చేతిలోకి తీసుకుందనీ, హోం మంత్రి నామమాత్రమయ్యారనీ ఆయన జీవిత చరిత్ర రాసిన వినయ్ సీతాపతి చెప్పారు. అదే నిజమైనా, పక్కకు నెట్టినప్పుడు మారు మాట్లాడక పక్కకు తప్పుకున్న హోం మంత్రి బాధ్యత కొంత మిగిలే ఉంటుంది. అయోధ్యపై తన పక్షాన అంత దట్టమైన వాదన పేర్చిన పీవీ, ఈ మూడు రోజులపై అలాంటి పుస్తకమేదీ విడిచి వెళ్లలేదు.

రాయనివాటి సంగతి ఇలా ఉండటం వల్లే ఆయన వారసత్వం ఎవరికి కావలసినట్టు వారు పంచుకునే ఉమ్మడి ఆస్తి అయింది. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణించినప్పుడు, అయిదేళ్లు తాను అధ్యక్షుడిగా ఉన్న పార్టీ కేంద్ర కార్యాలయం అక్బర్ రోడ్డు 24వ నంబరు గేటు బయటే ఆయన భౌతికకాయం ఉన్న వాహనం ఆగింది. లోపలికి తీసుకువెళ్లనివ్వలేదు. ‘లోపలి మనిషి’ రాసిన రచయితకు అది జరగడం కాకతాళీయమే కానీ, తెలుగువాళ్లు దాన్ని మరచిపోలేదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున అంత్యక్రియలు జరిగాయి. 1991లో నంద్యాల ఉపఎన్నికలో తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు పోటీ పెట్టకపోవడం, పీవీ అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలవడం గుర్తున్నవారికి ఆ గేటు మరీ ఇరుకుగా కనిపించింది. తెలంగాణ ఏర్పడ్డాక ఆయన తెలంగాణ ముద్దుబిడ్డ అయ్యారు, శతజయంతి ఏడాది పొడవునా జరిగింది. 1972లో ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఆయన పడ్డ ఇరకాటం గురించి ఆ వేదికల మీద పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. బీజేపీకి సంస్కర్త పీవీ, సొంత పార్టీ అవమానించిన పీవీ కావాలి, 356 ప్రయోగించి తన మూడు ప్రభుత్వాలను రద్దు చేసిన పీవీ అక్కర్లేదు. కాంగ్రెస్‌కు ఏ పీవీ కావాలో ఇంకా తేలినట్టు లేదు.

ఎవరూ పంచుకోవడానికి ముందుకు రాని వాటా కూడా ఒకటుంది. 1993 జులై 28న ఆయన ప్రభుత్వం అవిశ్వాస తీర్మానాన్ని 265–251 ఓట్లతో, అంటే 14 ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆ ఓట్లలో కొన్నింటిని డబ్బిచ్చి కొన్నారన్నది జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ముడుపుల కేసు. 2000లో ప్రత్యేక న్యాయస్థానం ఆయన్ని దోషిగా తేల్చింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఈ మధ్యలో, 1998లో, డబ్బు తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు న్యాయశాస్త్ర గ్రంథాల్లో ఆయన పేరుతోనే నిలిచింది: పి.వి. నరసింహారావు వర్సెస్ స్టేట్. ‘లోపలి మనిషి’ ఇంగ్లీషు మూలం వచ్చింది కూడా ఆ ఏడాదే. శాసనసభ్యులను బుజ్జగించి, బెదిరించి, కొని, కలుపుకునే విద్యపై అందులో ఎన్నో పుటలున్నాయి, అన్నీ అఫ్రోజాబాద్‌లో జరిగినవే.

2024 ఫిబ్రవరి 9న ఆయనకు భారతరత్న ప్రకటించారు. మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆయన పేరు మోస్తున్న ఆ 1998 తీర్పు చెల్లదని కొట్టివేసింది. అదే నెల 30న రాష్ట్రపతి భవన్‌లో పీవీ కుమారుడు ఆ పురస్కారాన్ని అందుకున్నారు.